పాదము – పాదరక్ష

మా రేడియో కేంద్రమున స్టూడియో తలుపు తెరచుటకు ముందు ప్రతివారును చెప్పులు విడువవలెను. మహావిద్వాంసుడైనను, మంత్రియైనను, వార్తలు చదువు ఉద్యోగియైనను ఈ నియమమునకు లోబడవలసినదే. లోపల దుమ్ము చేరరాదు. కిర్రుచెప్పుల చప్పుడు మైక్రోఫోనులో వినబడరాదు. కాబట్టి ఇన్నియేండ్లుగా నేను చేసిన ప్రసంగములన్నియు ఉత్తకాళ్లతో చేసినవే. ఇదియు అట్టిదే.

గుమ్మము వెలుపల వరుసగా విడిచిన ఆ జోళ్లను చూచినపుడెల్ల నాకొక విషయము తోచుచుండును. ఏ జోడు ఎవరిదో చూచి చెప్పవచ్చును. మడమవద్ద ఒకప్రక్కకు అరిగినది ఒకరిది. బొటనవ్రేలి గుర్తు లోతుగా పడినది మరియొకరిది. పాతచెప్పును పాదము తనకు తగినట్లు మలచుకొన్నది. కొన్ని బూట్లు మాత్రము ఏండ్లు గడచినను కొన్ననాటి ఆకారముతోనే మెరయుచుండును. అచ్చట మారినది బూటు కాదు, పాదము.

పాదమునకు తగినట్లు పాదరక్ష యుండవలెనా, పాదరక్షకు తగినట్లు పాదము మారవలెనా? వినుటకు నవ్వు పుట్టించు ప్రశ్నయే. కాని ఈ ప్రశ్నపై వైద్యులు, సేనానులు, క్రీడాకారులు రెండున్నర శతాబ్దులుగా వాదించుచున్నారు. ఆ వాదమునందు మన దేశమునకును, మన హైదరాబాదునకును కూడ పాలు కలదు.

మొదట పాదమును గూర్చి నాలుగు మాటలు. ఒక్కొక్క పాదమున 26 ఎముకలు, 33 కీళ్లు కలవు. శరీరమునందలి 206 ఎముకలలో నాలుగవవంతు రెండు పాదములలోనే యున్నవన్నమాట. ఇంత చిన్నచోట ఇన్ని ఎముకలేల? కదలికకొరకే. అరికాలి లోపలివైపున గల వంపు, బరువు పడినపుడు కొంచెము సాగి, అడుగు లేచునపుడు మరల బిగిసి, వంచిన విల్లువలె దేహమును ముందుకు త్రోయును. వ్రేళ్లు విచ్చుకొని నేలను పట్టుకొనును. చివరి త్రోపు బొటనవ్రేలిది. అరికాలి చర్మము నేల యెగుడుదిగుళ్లను, వేడిని, తడిని క్షణక్షణము మెదడునకు తెలుపుచుండును. చీకటిలో మెట్లు దిగువాడు కంటితో కాదు, పాదముతో చూచుచున్నాడు.

ఇట్టి పాదమునకు మానవుడు తొడుగు కల్పించుకొని వేలయేండ్లైనది. 1938లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున ఫోర్ట్ రాక్ అనుచోట, ఒక గుహలో, అగ్నిపర్వతపు బూడిదక్రింద పదులకొలది చెప్పులు బయల్పడినవి. అవి చెట్టుబెరడుతో అల్లినవి. వాటి వయస్సు 9,000 సంవత్సరములకు పైమాట. 2008లో ఆర్మీనియాలోని అరెనీ గుహలో దొరకిన తోలుజోడు ఒంటికాలిదే. సుమారు 5,500 ఏండ్లనాటిది. ఒకే ఆవుతోలు ముక్కను పాదముచుట్టు త్రిప్పి, తోలుత్రాటితో బిగించినారు. ఈ ప్రాచీనపు జోళ్లన్నిటికిని ఒక సామ్యమున్నది. అడుగు పలుచన, మడమ యెత్తు లేదు, పాదము ఎటు వంగిన అవియు అటు వంగును. మన పల్లెలలో కుట్టిన తోలుచెప్పు కూడ ఈ జాతిదే. బొటనవ్రేలికి ఒక ఉంగుటము, పాదముపై ఒక పట్టె, క్రింద అడుగుతోలు, అంతే. ముల్లు దిగకుండుటకును, ఎండకు కాలకుండుటకును అది చాలును. ఇల్లు చేరగానే దానిని గుమ్మమువద్ద విడుతుము. సింహాసనముపై పాదుకలుంచి పూజించిన భరతుని కథను పసినాట వినిన మనమే, నట్టింట చెప్పులతో తిరిగిన వానిని మందలింతుము. దీనివలన ఒక మేలు కలిగినది. దినమున సగము భాగము మన పాదము స్వేచ్ఛగా నుండును.

ఐరోపాలో కథ వేరుగా నడచినది. చలిదేశము కావున అచ్చట పాదమును మూయక తప్పదు. కాని చలి కోరినదానికంటె వేషము కోరినది ఎక్కువ. మధ్యయుగమున ముక్కు సాగిన బూట్లు పెద్దింటి గుర్తులైనవి. పదునేడవ శతాబ్దమున ఎత్తుమడమలు వచ్చినవి. మడమ గల జోడును కుడియెడమలకు వేరువేరు అచ్చులపై చేయుట కష్టమును, ఖర్చును గనుక, రెండు కాళ్లకు ఒకే ఆకారముగల తిన్నని జోళ్లు వాడుకలోనికి వచ్చినవి. కుడిబూటు, ఎడమబూటు అను భేదమే లేక ఇంచుమించు రెండువందల యేండ్లు గడచినవి. కుడియెడమల తేడా తెలియని బూటుతో తేడాగల పాదము సర్దుకొనవలసి వచ్చినది.

దీనిపై మొదట కలము పట్టినవారిలో హాలండు దేశపు శరీరశాస్త్రజ్ఞుడు పెట్రస్ కాంపర్ ఒకడు. ఉత్తమమైన బూటు ఎట్లుండవలెనో వివరించుచు 1781లో ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. తరువాత 1858లో జూరిచ్ ఆచార్యుడు హెర్మన్ ఫన్ మేయర్ ఈ విషయమునకు ఒక కొలబద్ద నిచ్చెను. మడమ మధ్యనుండి బొటనవ్రేలి మూలము మధ్యగా గీత గీయుడు. సహజమైన పాదమున ఆ గీత బొటనవ్రేలి పొడవునా సాగును. బూటు అడుగు అట్లు కత్తిరింపబడనిచో బొటనవ్రేలు లోపలికి మరలును, మూలమువద్ద ఎముక ప్రక్కకు పొడుచుకొని వచ్చును, ఆనెకాయలు కాయును. నడక చెడుటకు తప్పు పాదముది కాదు, అచ్చుది అని ఆయన తేల్చెను.

ఈ మాట ముందుగా చెవికెక్కినది సైన్యములకు. సైనికుడు తుపాకితో పోరాడును గాని, యుద్ధభూమికి చేరవలసినది పాదములతో. బొబ్బలెక్కిన పాదముగల దండు సగము ఓడిన దండే. 1912లో అమెరికా సైనికవైద్యుడు ఎడ్వర్డ్ మన్‌సన్ సైనికుల పాదములను పరీక్షించి వ్రాసిన గ్రంథమును అనుసరించి, ఆ సైన్యము వ్రేళ్లవద్ద వెడల్పైన కొత్త అచ్చును స్వీకరించినది. అంతకు ముందు 1905లో సెయింట్ లూయీ నగరపు వైద్యుడు ఫిల్ హాఫ్‌మన్, ఎన్నడును బూటు తొడుగని జాతులవారి పాదములను బూట్లవారి పాదములతో పోల్చిచూచెను. తొడుగనివారి వ్రేళ్లు విసనకఱ్ఱవలె విచ్చుకొని యున్నవి. తొడిగినవారివి ఒకదానిపై నొకటి ఒరిగి యున్నవి. పుట్టుకతో ఇద్దరి పాదములు ఒక్కటియే.

ఇంతవరకు ఇది వైద్యుల చరిత్ర. ఇక క్రీడారంగమునకు వత్తము. 1911వ సంవత్సరము జూలై 29వ తేదీ. కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు అంతిమపోటీ. ఒకవైపు ఈస్టు యార్కుషైరు రెజిమెంటు సైనికులు, బూట్లతో. మరియొకవైపు మోహన్ బగాన్ జట్టు. పదునొకండుగురిలో పదిమంది ఉత్తకాళ్లతో. మోహన్ బగాన్ రెండు గోల్సు చేసెను, సైనికులు ఒకటి. వంగవిభజనముతో కుమిలియున్న ఆ కాలమున ఈ గెలుపు ఆటను మించినదైనది. నల్లని ఉత్తకాలు తెల్లవాని బూటును గెలిచినదని జనులు పండుగ చేసికొన్నారు.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట, 1948 జూలై 31న, లండను ఒలింపిక్సులో మన జట్టు ఫ్రాన్సుతో తలపడినది. మనవారిలో అధికులు పాదములకు గుడ్డపట్టీలు మాత్రమే చుట్టుకొని ఆడినారు. సారంగపాణి రామన్ ఒక గోలు చేసెను. రెండు పెనాల్టీలు చేజారినవి. చివరి నిముషములలో ఫ్రాన్సు గెలిచినది, 2–1. ఓడినను, ఉత్తకాలితో బంతిని పెంపుడుపిట్టవలె వెంటద్రిప్పుకొన్న మనవారి నేర్పునకు ఇంగ్లండు ప్రేక్షకులు ముగ్ధులైరి.

ఆ కథ అక్కడనే ముగిసినచో మనము ఉత్తకాలికి జయము పలికి ఊరకుందుము. కాని 1952లో హెల్సింకి వచ్చినది. చలి, వర్షము, జారు నేల. యుగోస్లావియా మనపై పది గోల్సు చేసెను, మనది ఒకటి. ఎండిన మైదానమున నేర్పరియైన పాదమే తడిసిన పచ్చికపై పట్టుదప్పినది. అటుపిమ్మట మన ఫుట్‌బాలు సంఘము బూట్లను తప్పనిసరి చేసినది. ఆ మార్పును సాధించి చూపిన శిక్షకుడు మన హైదరాబాదువాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత బడిపంతులు. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, ఆసియానుండి సెమీఫైనలు చేరిన మొదటి జట్టై, నాలుగవ స్థానమున నిలిచినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము సాధించినది. మరుసటి యేటనే రహీం కన్నుమూసెను. బూటు తొడుగుటవలన మన ఆట చెడలేదు. పరిస్థితిని బట్టి సాధనమును మార్చుకొన్నవారు గెలిచినారు.

ఈ రెంటికిని నడుమ మరియొక మహాఘట్టము కలదు. 1960 సెప్టెంబరు 10వ తేదీ సాయంకాలము, రోమునగరము. మారథాను పరుగు. ఇథియోపియా చక్రవర్తి అంగరక్షకదళమునకు చెందిన అబెబె బికిల, ఇచ్చిన బూట్లు పాదమునకు సరిపడక, అలవాటైన విధముగా ఉత్తకాళ్లతో బయలుదేరెను. 42 కిలోమీటర్లకు పైబడిన దూరము. చీకటి పడినది, దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టిరి. ముగింపునకు కొంచెము దూరమున ఆక్సుం శిలాస్తంభము నిలిచియుండెను. ఇటలీ ఇథియోపియాను ఆక్రమించి, 1937లో దానిని పెరికి తెచ్చి రోములో నిలిపినది. సరిగా ఆ ప్రాంతముననే బికిల వేగము హెచ్చించి, ప్రక్కనున్న మొరాకోవానిని వెనుకకు విడిచి, కాన్‌స్టాంటైను తోరణమువద్ద పరుగు ముగించెను. 2 గంటల 15 నిముషముల 16 సెకండ్లు. ప్రపంచమున అంతవరకు అదే అత్యుత్తమము. ఆ స్తంభము 2005లో మాతృదేశము చేరినది. అది చూచుటకు బికిల లేడు, 1973లోనే మరణించెను.

నాలుగేండ్ల పిదప టోకియోలో బికిల మరల గెలిచెను. ఈసారి బూట్లతో, 2 గంటల 12 నిముషములలో. రోము పరుగును మాత్రమే చెప్పి టోకియో పరుగును మరచువారు చరిత్రను సగమే చెప్పుచున్నారు.

మిగిలిన సగము మరింత కఠినమైనది. బికిల పుట్టిన ఆ ఇథియోపియాలోనే, అగ్నిపర్వతపు ఎఱ్ఱమన్నుగల ఎత్తైన ప్రాంతములలో, ఉత్తకాళ్లతో దున్నుకొను రైతులకు కాళ్లు వాచి, బోదకాలువలె మొద్దుబారు వ్యాధి కలదు. ఇది దోమవలన వచ్చు బోదకాలు కాదు. మట్టిలోని సన్నని ఖనిజరేణువులు చర్మముగుండ చొచ్చి రసనాళములను చెరచుటవలన కలుగునని 1970 ప్రాంతములలో ఎర్నెస్టు ప్రైస్ అను వైద్యుడు వివరించెను. పాడోకోనియాసిస్ అని దానిపేరు. ఆ వ్యాధికి లక్షలాది జనులు గురియైరి. నివారణోపాయము ఏమనగా, ఒక జత బూట్లు, కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు! అట్లే కొంకిపురుగు అరికాలి చర్మముగుండ దేహమున చేరి నెత్తురు పీల్చును. 1898లో కైరోలో ఆర్థర్ లూస్, ఆ పురుగు పిల్లలున్న నీటిచుక్క తన చేతిపై పడగా, ఈ రహస్యమును గ్రహించెను. దాని నివారణకును మరుగుదొడ్లతోపాటు చెప్పులే సాధనము.

మన దేశమున చెప్పులేని కాలు ఎల్లప్పుడు ఇష్టపడి ఎంచుకొన్న కాలు కాదు. తెలంగాణమున దొరల గడీల ముందు నడచునపుడు చెప్పులు విడిచి చేతబట్టుకొనవలసిన రోజులు నిన్నమొన్నటివి. ఎన్నియో గ్రామములలో పెద్దకులముల వీధిలో చెప్పు తొడిగి నడచుటయే అపరాధము. ఊరందరికి చెప్పులు కుట్టిపెట్టినవాడు తాను కుట్టినదానిని తొడిగి ఆ వీధిలో నడువరాదు! కాబట్టి ఉత్తకాలి నడక ప్రకృతిసిద్ధమని పొగడునపుడు, చెప్పు కొనలేని కాలిని, చెప్పు తొడుగనీయని కాలిని మరువరాదు. విడుచుటకు చెప్పులున్నవానికే చెప్పులు విడుచుటలోని సుఖము తెలియును.

పాదముయొక్క విలువ తెలియవలెనన్న, దాని స్పర్శ పోయినవారిని అడుగవలెను. 1946నుండి వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠరోగుల పాదములను శ్రద్ధతో పరిశీలించెను. వ్రేళ్లు రోగమువలన కుళ్లి రాలుచున్నవని లోకము నమ్ముచుండెను. ఆయన తేల్చినది వేరు. నాడులు మొద్దుబారుటచే నొప్పి తెలియదు. నొప్పి తెలియనందున మేకు గ్రుచ్చుకొన్నను, బొబ్బ చిట్లినను రోగి నడచుచునే యుండును. పుండు అందువలన వచ్చును. అట్టివారికి మెత్తని రబ్బరుచెప్పులు మందుకంటె ముఖ్యమైనవి. మధుమేహముచే పాదస్పర్శ తగ్గినవారికి ఈనాడు వైద్యులు చెప్పుచున్న హితవునకు మూలము ఇదే. వారు ఇంటిలోనైనను ఉత్తకాళ్లతో తిరుగరాదు.

ఇక జయపురమునకు పోదము. కాలు పోయినవారికి పాశ్చాత్యదేశముల కృత్రిమపాదము వచ్చుచుండెను. అది బూటులో ఇమిడియుండుటకు చేసినది. గట్టిగా, కదలక యుండును. మన రైతు బూటు తొడుగడు. బురదలో దిగవలెను, గొంతుకూర్చుండవలెను, బాసింపట్టు వేయవలెను, గుడిలో ఉత్తకాళ్లతో నిలువవలెను. 1960 దశకము చివర, జయపురపు శిల్పి రామచంద్ర శర్మయు, శస్త్రవైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠియు కలసి రబ్బరుతో ఒక పాదము చేసిరి. అది అన్నివైపులకు వంగును, బూటు అక్కరలేదు. శర్మ పెద్దచదువులు చదివినవాడు కాడు, చేతిపనివాడు. 1981లో సేఠికి మాగ్సేసే పురస్కారము లభించినది. అదే యేట ప్రమాదమున కాలు కోల్పోయిన సుధాచంద్రన్ ఆ జయపురపు పాదముతో మరల భరతనాట్యమాడినది. ఆమె కథను ఆమెయే నటించి చూపిన ‘మయూరి’ అను 1985 నాటి తెలుగు చిత్రమును మన శ్రోతలలో చూడనివారు తక్కువ. సహజపాదము ఏమేమి చేయునో, దానిని కృత్రిమముగ నిర్మింపబూనినవారు అందరికంటె బాగుగ నేర్చుకొనిరి.

పాతవాదము మన కాలమున మరల తలయెత్తినది. 1970 దశకమునుండి పరుగుబూట్ల మడమలు దిండ్లవలె లావెక్కినవి. 2010లో హార్వర్డు ఆచార్యుడు డేనియల్ లీబర్మన్, చిన్ననాటినుండి ఉత్తకాళ్లతో పరుగెత్తువారు పాదము ముందుభాగముపై మెల్లగ దిగుదురనియు, దిండుమడమవారు మడమపై దిగుట యధికమనియు, రెండవ విధమున నేలతాకిడి హెచ్చనియు కొలచి చూపెను. వ్రేలికొక తొడుగుగల పలుచని జోళ్లు అంగళ్లలో వెలసినవి. కాని 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయమువారు, మామూలు బూట్లనుండి పది వారములలో వీటికి మారినవారిలో పలువురి పాదపుటెముకలయందు ఒత్తిడివాపు కనిపించినదని తెలిపిరి. గొప్పలు చెప్పి అమ్మిన ఒక సంస్థ 2014లో వ్యాజ్యమును రాజీచేసికొని కొనుగోలుదార్లకు డబ్బు వాపసు చేయ నొప్పుకొన్నది. ఇరువదియేండ్లు దిండుపై పడుకొన్న కండరమును ఒక్కదినమున లేపి పరుగెత్తింపరాదు.

పెద్దల సంగతి అటుంచుడు. పసివారి సంగతి మన చేతిలోనిది. 1992లో దక్షిణభారతపు వైద్యులు రావు, జోసెఫ్ అనువారు, 4 మొదలు 13 ఏండ్లలోపు బాలురు, బాలికలు 2,300 మంది పాదముద్రలు తీసి పరిశీలించిరి. జోళ్లు తొడుగువారిలో నూటికి 8.6 మందికి చదునుపాదము, తొడుగనివారిలో 2.8 మందికే. మూసినబూట్లవారిలో అధికము, ఆకుచెప్పులవంటి తెరచిన జోళ్లవారిలో అంతకంటె తక్కువ. పాదపు వంపు పసితనముననే రూపుదిద్దుకొనుచున్నదని వారి అభిప్రాయము.

ఇది చదివిన దినముననే మా అమ్మాయి బడినుండి వచ్చి నల్లబూట్లు విప్పినది. చిటికెనవ్రేళ్లు రెండును ఎఱ్ఱగా కందియున్నవి. “బిగువుగా ఉన్నవని చెప్పలేదేమమ్మా?” అని అడిగితిని. “బూట్లు అట్లే ఉంటాయనుకొన్నాను నాన్నా” అన్నది. ఆ మాట నన్ను బాధించినది. కాగితముపై దాని పాదము నిలిపి పెన్సిలుతో చుట్టును గీసితిని. ఆ గీతపై బూటు నుంచితిని. రెండువైపులను పాదము బూటును దాటి అరవ్రేలెడు వెలుపలికి వచ్చినది. ఈ పరీక్షకు వైద్యుడు అక్కరలేదు; ఖర్చు లేదు. మీ యింటిలో నేడే చేసిచూడవచ్చును. గీతను కప్పని బూటు ఎంత ఖరీదైనను ఆ పాదమునకు తగదు. బూటు మార్చితిమి. సాయంకాలము దొడ్డిలో శుభ్రమైన నేలపై ఉత్తకాళ్లతో ఆడుకొనుచున్నది. ముళ్లు, గాజుపెంకులు, మురుగు గలచోట చెప్పు తప్పదని కూడ చెప్పితిని.

పాదమును కాచునది పాదరక్ష; పాదమును బంధించునది సంకెల. చెప్పులు లేనివానికి చెప్పు నిచ్చుటయు, బిగువుబూటులో నున్నవానికి చోటు నిచ్చుటయు ఒకే ధర్మమునకు రెండు ముఖములు.

ఇక వెలుపల నా చెప్పులు నాకొరకు వేచియున్నవి. ఎడమది మడమవద్ద అరిగినది. సెలవు.